తుపాకీ మడమకు తోలు తొడుగు

12 బోరు డబుల్ బ్యారెల్ షాట్‌గన్ బరువు 3 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. దాని నుంచి 30 గ్రాముల సీసపు గుళ్ళు సెకనుకు 400 మీటర్ల వేగంతో ముందుకు దూసుకుపోతే, తుపాకీ దాదాపు 5 మీటర్ల వేగంతో వెనక్కి తన్నుతుంది. ఆ తన్ను భుజానికి ఒక్క దెబ్బగా తగలకుండా కాస్త నెమ్మదిగా అందేలా చేసేదే మడమకు బిగించే రికాయిల్ ప్యాడ్. అందుకు రబ్బరు ముక్క చాలు. అయినా లండన్, బర్మింగ్‌హామ్ తుపాకీ పనివాళ్ళు దానిమీద తోలు కప్పుతూ వచ్చారు. పిట్ట లేచిన క్షణంలో తుపాకీ భుజానికి చేరాలి. రబ్బరు కోటును పట్టుకుని లాగుతుంది, తోలు జారుతుంది.

పని మొదలయ్యేది మాత్రం రబ్బరుతోనే. ప్యాడ్‌ని మడమకు బిగించి, అంచులు అక్రోటు కర్రతో సమానమయ్యేదాకా అరగదీస్తారు. కర్రకు గీత పడకుండా ముందే టేపు చుడతారు. తర్వాత ప్యాడ్‌ని విప్పి, చుట్టూ తోలు మందమంత మళ్ళీ తగ్గిస్తారు. అర మిల్లీమీటరు తోలైతే అర మిల్లీమీటరే. ఎక్కువ తీస్తే తోలు కర్రకంటే లోపలికి పోతుంది, తక్కువ తీస్తే అంచు బయటికి పొడుచుకొస్తుంది. కంటికి ఆనని తేడా కూడా వేలితో నిమిరితే తెలిసిపోతుంది.

తోలు మేకదో, దూడదో, పందిదో అయివుంటుంది. పంది తోలును వెంటనే పోల్చుకోవచ్చు, వెంట్రుకల గుంటలు మూడేసి కలిసి ఉంటాయి. (ఒకప్పుడు మన తంగేడు చెక్కతో పదును చేసిన తోళ్ళు మద్రాసు రేవు నుంచి లండన్ బజారుకు పెద్దయెత్తున వెళ్ళేవి.) తోలును వెనకవైపు పలచగా చెక్కి, తడిపి, ప్యాడ్ మీద సాగదీసి జిగురుతో అతికిస్తారు. వెడల్పైన ముఖం మీద పెద్ద కష్టం ఉండదు. చిక్కంతా కింది మొన దగ్గరే. వంపు ఇరుకై, మిగిలిన తోలంతా అక్కడ ముడతలు పడుతుంది. ప్యాడ్ అడుగుకు మడిచిన చోట చిన్నచిన్న ముక్కోణపు కోతలు పెట్టి, ఒక్కో మడతను పలచన చేసి, అడుగు చదునయ్యేలా అణచాలి. పక్కనుంచి ఒక్క ముడత కూడా కనిపించకూడదు. పనివాడి చేతి నేర్పు చూడాలంటే నేను ముందు ఆ మొననే చూస్తాను.

ఇంత శ్రమపడి కప్పిన తోలు చిరగకుండా ప్యాడ్‌ని మళ్ళీ ఊడదీయగలగాలి. నాకు ఈ విద్యలో అన్నిటికంటే గొప్పగా తోచేది అదే. రబ్బరు ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడుతుంది, పొడిపొడిగా రాలుతుంది. తుపాకీ మాత్రం తాత నుంచి మనవడికి వెళ్తుంది. మనవడు పొడగరి అయితే మడమ పొడవు పెంచాలి, పొట్టివాడైతే తగ్గించాలి. ప్యాడ్ కోసం పాత మడమను కోసేస్తే ఆ కర్ర తిరిగి రాదు, తుపాకీ విలువా పడిపోతుంది. కోయకుండా పైన బిగించిన ప్యాడ్ అయితే, తీసేసిన రోజున తుపాకీ మొదటి కొలతకే వస్తుంది.

ఊడదీసేముందు తుపాకీ తెరిచి, గొట్టాలు రెండూ ఖాళీగా ఉన్నాయని కళ్ళారా చూసుకోవాలి. ఆపైన బొటనవేలితో ప్యాడ్ ముఖమంతా నెమ్మదిగా నొక్కుతూ పోవాలి. మెత్తగా లోపలికి దిగినచోట స్క్రూ దారి ఉంటుంది. దానిమీద అదే తోలుతో చేసిన బిళ్ళ గానీ, సన్నని చీలిక గానీ కనిపిస్తుంది. బిళ్ళను సూదిమొనతో లేపి దాచుకోవాలి. స్క్రూడ్రైవర్ కాడ గుండ్రంగా, నున్నగా ఉండాలి. దానికి కాస్త మైనం పూస్తే తోలు చిరగదు. స్క్రూ దారి ఎక్కడా దొరకకపోతే ప్యాడ్ బహుశా రెండు మేకుల మీద కూర్చుని ఉంటుంది. అప్పుడు బలం పనికిరాదు. పలచని ప్లాస్టిక్ రేకును జాయింటులోకి దించి, ఒకవైపు కొంచెం, మరోవైపు కొంచెం లేపుతూ రావాలి. ఒకే చోట ఎత్తితే కర్ర అంచు పెచ్చులుగా లేస్తుంది. రాకపోతే ఆపేసి పనివాడి దగ్గరికి తీసుకెళ్ళాలి.

ఊడిన ప్యాడ్‌లో రబ్బరు పాడైపోయినా పాత తోలును పారేయకూడదు. కొత్త తోలు కత్తిరించడానికి అంతకంటే మంచి నమూనా దొరకదు.