పాదం చూసి కొట్టే దరువు

ఆషాఢంలో హైదరాబాద్ బోనాలు గోల్కొండ కొండ మీద జగదాంబిక దగ్గర మొదలవుతాయి. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి జాతర అయ్యాక లాల్‌దర్వాజ సింహవాహినికి, పాతబస్తీలోని మిగతా గుళ్లకు వస్తాయి. అప్పటికి వానలు పట్టుకుంటాయి. గాలిలో తడికి డప్పు తోలు సాగి మెత్తబడుతుంది. అందుకే వాద్యగాళ్లు గల్లీ మలుపులో కాగితాలో, ఎండుగడ్డో పోగేసి మంట పెడతారు. డప్పును దాని మీద తిప్పుతూ కాపి, వేలితో తట్టి వింటారు. చాలకపోతే మళ్లీ కాపుతారు. జాతరకు పోయినప్పుడల్లా నేను ముందు ఆ మంట దగ్గర ఆగుతాను. మొద్దుగా పలికే తోలు కాసేపట్లో ఖంగుమని పలకడం ఎన్నిసార్లు విన్నా తనివి తీరదు.

కుడిచేతి చిర్ర నడక పడుతుంది. ఎడమచేతి సిటికెన పుల్ల ఆ నడక సందుల్ని నింపుతుంది. చూడటానికి ఇంతే. అసలు పని వాద్యగాడి కళ్లలో ఉంటుంది. ఒళ్లంతా పసుపు పూసుకుని, నడుముకు వేపమండలు కట్టుకున్న పోతరాజు కొరడా ఝళిపిస్తూ వస్తుంటే, డప్పు కొట్టే మనిషి అతనికి ఎదురుగా వెనక్కి నడుస్తుంటాడు. చూపంతా పోతరాజు కాళ్ల మీదే. అడుగు బరువెక్కితే దరువు నిదానిస్తుంది. భుజం ఎగిరితే దరువు ఉరుకుతుంది. ఎవరు ఎవర్ని నడిపిస్తున్నారో కాసేపటికి చెప్పలేం.

లాల్‌దర్వాజకు కొద్ది దూరంలోనే, చాంద్రాయణగుట్ట అవతల బార్కస్‌లో మర్ఫా అనే మరో వాద్యం ఉంది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం కొలువుకు వచ్చిన అరబ్బులు, వాళ్లతో పాటు ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు ఈ వాద్యాన్ని తెచ్చారు. సిద్దీల అశ్వదళం వనపర్తి సంస్థానం నుంచి నిజాంకు చేరింది. మాసబ్‌ట్యాంక్ పక్కనున్న ఏసీ గార్డ్స్ ఆ దళం పేరే: ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. 1948లో నిజాం రాజ్యం ముగిసింది. కాలక్రమంలో ఆ కొలువులూ పోయాయి. దరువు మాత్రం పెళ్లి బరాత్‌లను పట్టుకుని బతికింది. మర్ఫా, డఫ్, ఢోల్, స్టీలు బిందె, కర్రలు: పాట చాలా తక్కువ, అంతా లయే.

ఊరేగింపుల్లో మోగే మన తీన్‌మార్ దరువు ఆ మర్ఫాలోంచే వచ్చిందని పాతబస్తీలో గట్టిగా చెబుతారు. డప్పు కొట్టేవాళ్లు తమ దరువు అంతకంటే పాతదంటారు. రెండూ ఒకే వీధుల్లో తరాలుగా ఒకదాన్నొకటి వింటూ పెరిగాయని నేను నమ్ముతాను. ఇవాళ గణేశ్ నిమజ్జనంలో ఎగిరే కుర్రాడి కాలికి ఆ తగాదా అక్కర్లేదు.

వాద్యాలు ఇలా ఖండాలు దాటి రావడం మన దగ్గరే కాదు. అమెరికాలో, వర్జీనియాలోని ఫిన్‌కాసిల్ దగ్గర ఒక గుర్రాల ఫారంలో 1965లో కార్ల్‌టన్ హేనీ అనే నిర్వాహకుడు బ్లూగ్రాస్ అనే అక్కడి పల్లె సంగీతానికి ఉత్సవం పెట్టాడు. తర్వాత ఏటా వేసవిలో అలాంటివి కొండప్రాంతాల్లో ఎన్నో వెలిశాయి. అక్కడ వేదిక మీది కచేరీ ఒకెత్తు, గుడారాల మధ్య వచ్చినవాళ్లే గుంపుగా చేరి వాయించుకోవడం ఒకెత్తు. ఆ సంగీతానికి ప్రాణమైన బాంజో అనే తంత్రీవాద్యం మూలాలు బానిసలుగా తరలించిన ఆఫ్రికన్ల దగ్గర ఉన్నాయి. ఆఫ్రికన్ల వెంట వాద్యం ఒకటి ఆ కొండలు చేరింది, మరొకటి అరబ్బులు, సిద్దీల వెంట మన బార్కస్‌కు వచ్చింది. అక్కడ వాయించేవాడి పేరు పోస్టరు మీద ఉంటుంది. ఇక్కడ బ్యాండు యజమాని ఫోన్ నంబరు తప్ప మరే పేరూ కనిపించదు. అది నన్ను బాధిస్తుంది.

డీజే పెట్టెలు వచ్చాక ఈ బాధ పెరిగింది. అందులోనూ తీన్‌మారే మోగుతుంది, చెవులు చిల్లులు పడేంత గట్టిగా. ఎదుట ముసలమ్మ ఆడుతున్నా, పిల్లాడు ఆడుతున్నా దాని వేగం ఒకటే. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. శబ్దం వల్ల జనం పడే ఇబ్బందే దానికి కారణం. వాద్యగాళ్ల కోసం చేసిన పని కాకపోయినా నాకు సంతోషమే కలిగింది.

పెళ్లిళ్ల సంగతి మనం చూసుకోవాలి. బరాత్‌కు డప్పునో మర్ఫానో పిలిచినప్పుడు ముందే మాట్లాడిన డబ్బు పూర్తిగా ఇవ్వాలి. జనం విసిరే నోట్లను కూలిలో కోయకూడదు. భోజనం వాళ్లకు చివర్లో కాదు, మొదట పెట్టాలి. గంటల తరబడి మోయాల్సిన బరువు వాళ్లది. శుభలేఖలో ఫలానావారి డప్పు అని ఒక వరుస వేయించడానికి ఖర్చేమీ కాదు. వానాకాలం పెళ్లయితే మంట వేసుకోవడానికి వాకిట్లో కాస్త పొడి చోటు కూడా చూపించండి.