చేపు

1967లో నాగార్జునసాగరపు ఎడమకాలువకు నీరు వదలిన పిమ్మట మా హాలియా ప్రాంతమున వరి పెరిగినది, వరితో గడ్డివాములు, గడ్డివాములతో బర్రెలు పెరిగినవి. అట్టి బర్రెలలో ఒకదాని పొదుగుకడ, తెల్లవారుజామున, మా అవ్వ ప్రక్కన గొంతుకూర్చుండి నేను పాలు పిండుట నేర్చితిని. దుడ్డెను విడిచి నాలుగు గుక్కలు కుడువనిచ్చి, దానిని తల్లి మూతికడ కట్టి, పొదుగును నీట కడిగిన మీదట గూడ ఆమె నన్ను చన్ను ముట్టనిచ్చెడిది కాదు. “జర ఆగు బిడ్డా, ఇంకా చేపలే” అనెడిది. నేర్పంతయు వ్రేళ్లలోనే యున్నదని తలచిన నాకు, ఆ యాగుటయే విద్యయని కణశాస్త్రము చదివినప్పుడు గాని బోధపడలేదు.

పిండెడు చేయి పాలను పుట్టింపదు. ఏ కణమో కట్టి పంపిన సరుకును అందుకొనును. పొదుగులోని పాలకణమునందు మాంసకృత్తులు తయారై, కంటికానని తిత్తులలో గాల్జీ సంక్లిష్టమునకు చేరును. 1898లో ఇటలీలోని పావియాలో కామిల్లో గాల్జీ గూబ మెదడును వెండి లవణముతో నల్లపరచి చూచిన వల ఇదియే. అది నిజముగా కణములో నున్నదో, రంగు కల్పించిన భ్రమయో యని పండితులు అర్ధశతాబ్దము వాదులాడి, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వచ్చిన తర్వాతనే ఊరకుండిరి. అచ్చటనే పాల మాంసకృత్తగు కేసీన్‌కు ఫాస్ఫేటు తగులుకొనును, దానివలన కాల్షియము పాలలో నిలుచును. ఆ ఫాస్ఫేటు నిచ్చు ఏటీపీ, భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు ఫిస్కే యను శాస్త్రజ్ఞునితో గూడి 1929లో కండరమునుండి వేరుచేసిన పదార్థమే యని తెలిసిననాడు నాకు కలిగిన సంతోషము చెప్పనలవి కానిది. పాలతీపియగు లాక్టోజు పుట్టుటయు గాల్జీలోనే. అది వెలికి పోలేక నీటిని లోనికి లాగుకొనగా, తిత్తి యుబ్బి, కణపు టంచును చేరి, దాని పొరతో ఏకమై, లోనిదంతయు వెలుపల కుమ్మరించును. వెన్న మాత్రము ఈ త్రోవ పట్టక, కణపు పొరనే చుట్టుకొని వెలువడును.

అట్లు చేరిన పాలు దుడ్డె నోరు తగిలినంతనే జారవు. మెదడు కణములు తమ గాల్జీలో కట్టి దాచిన ఆక్సిటోసిన్ అను హార్మోను నెత్తుటబడి పొదుగునకు రావలెను, పాలగదులను చుట్టిన కణములు కండరమువలె బిగిసికొనవలెను, అదియే చేపు. బెదరిన బర్రె చేపదు. కావుననే అవ్వ కొట్టములోనికి క్రొత్తవారిని రానిచ్చెడిది కాదు.

పాలలో మరికొన్ని తిత్తులును గలవు, మిల్లీమీటరులో ఇంచుమించు పదివేలవ వంతు పరిమాణము గలవి. వానికి ఎక్సోసోములని పేరు. 1983లో మాంట్రియల్‌లో రోజ్ జాన్‌స్టోన్ బృందము గొర్రె నెత్తుటిలో పక్వమగుచున్న ఎర్రకణములనుండి ఇట్టివి వెలువడుట చూచినప్పుడు, కణము తనకక్కరలేని దానిని పారవేయు మార్గముగా వానిని తలచిరి. 2007లో వానియందు ఆర్‌ఎన్‌ఏ గలదనియు, అది మరియొక కణమున జేరి పనిచేయగలదనియు తేలినది. ఆ యేటనే తల్లిపాలలోను అవి కనబడినవి. కసవుగంపయని తలచినది టపా సంచియైనది.

మూడు చన్నులు పిండి, నాలుగవదానిని ముట్టక అవ్వ లేచెడిది. తాడు విప్పినంతనే దుడ్డె ఆ చన్నుకడకే పరుగెత్తెడిది.