వెనక నుంచి లెక్క

పిల్లలతో కరీబియన్ క్రూయిజ్‌కు బయల్దేరే బంధువులు, స్నేహితులు నన్ను ముందుగా అడిగేది, ఏ రేవులో దిగి ఏం చూడాలని. నేను మాత్రం ఓడ మళ్లీ ఎన్నింటికి కదులుతుంది, ఇంట్లో అందరికన్నా చిన్నది ఎన్నింటికి నిద్రకు మారాం చేస్తుంది అనే రెండు సంగతులూ కాగితం మీద రాసుకుని, అక్కణ్ణుంచి వెనక్కి లెక్కేసుకుంటూ వస్తాను. చూడాల్సినవి ఆ తర్వాతే.

మెక్సికో దీవి కోజుమెల్‌నే తీసుకోండి. సముద్రపు ఒడ్డున కొండ అంచు మీద నిలబడ్డ తులుమ్ మాయా శిథిలాల ఫొటో చూడగానే పెద్దవాళ్ల మనసు అక్కడికి పోతుంది. కానీ తులుమ్ ఆ దీవిలో లేదు. ముప్పావుగంట ఫెర్రీలో ప్లాయా డెల్ కార్మెన్ చేరి, అక్కణ్ణుంచి దాదాపు గంట బస్సులో పోవాలి. రావడమూ అంతే. అయిదేళ్ల పిల్లకు ఆ రోజంతా బస్సు కిటికీయే. దీవిలోనే సాన్ గెర్వాసియో శిథిలాలున్నాయి. ప్రసవాలను కాచే ఇష్‌చెల్ దేవతను కొలవడానికి మాయా స్త్రీలు పడవల్లో వచ్చిన చోటు అది. గంటలో చూసి, మధ్యాహ్నానికి పిల్లల్ని నీళ్లలో దించొచ్చు.

గ్రాండ్ కేమన్‌లో ఓడ ఒడ్డుకు ఆనదు. సముద్రంలోనే లంగరు వేస్తే టెండర్ అనే చిన్న బోట్లలో దిగాలి. రానుపోను ఆ క్యూలకు పోయే సమయం తీసేస్తే ఒక్క పనికే వీలు. మా ఓటు స్టింగ్‌రే సిటీ ఇసుక తిన్నెకు. ఒకప్పుడు జాలర్లు అక్కడ చేపలు శుభ్రం చేసి వ్యర్థాలు పారేస్తుంటే, వాటికి మరిగిన స్టింగ్‌రేలు, అంటే టేకు చేపలు, ఇప్పటికీ మనుషుల చుట్టూ తిరుగుతాయి. అక్కడి నీళ్లు పెద్దలకు నడుము లోతు అంటే పసివాళ్లకు తల మునిగే లోతని మరవకండి. లైఫ్ జాకెట్ వేసి చంకనెత్తుకోవాలి. కాళ్లు ఎత్తి వేయకుండా ఇసుకలో ఈడుస్తూ నడిస్తే చేపను తొక్కే భయం ఉండదు.

అమ్మమ్మ, తాతయ్య కూడా వస్తే జమైకాలోని డన్స్ రివర్ జలపాతం మంచిది. సుమారు 180 మీటర్ల రాతి మెట్ల మీదుగా నీళ్లు దూకుతుంటే, చేతులు గొలుసుగా పట్టుకుని ఎక్కుతారు. పెద్ద పిల్లలకు పండగే. చంటిదాన్ని తీసుకుని పెద్దవాళ్లు పక్కనున్న మెట్లదారిన పైకి చేరొచ్చు.

ఇక గడియారం. మన ఓడ బయల్దేరింది ఫ్లోరిడా నుంచి అనుకోండి. వేసవిలో అక్కడి గడియారాలు గంట ముందుకు జరుగుతాయి. కోజుమెల్, జమైకా, కేమన్ జరపవు. ఒడ్డున దిగగానే ఫోను తనంతట తానే గంట వెనక్కి వెళ్లి మూడు చూపిస్తే, ఓడలో నాలుగై ఉండొచ్చు. ఓడ తన టైముకే కదులుతుంది. అందుకే మా పెద్దాడి చేతికి ఓడ టైము పెట్టిన మామూలు వాచీ కడతాను. ఆ రోజుకు మాకందరికీ వాడే అధికారి.

ఓడవాళ్ల దగ్గర కొన్న టూరు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా వెళ్లి ఆలస్యమైతే తర్వాతి రేవుకు మన ఖర్చుతో చేరుకోవాలి. దూరాలకు వాళ్ల టూరు, దగ్గరి బీచ్‌కు టాక్సీ అన్నది నా పద్ధతి.

సంచి సర్దేటప్పుడు మిలిటరీ మచ్చల నిక్కర్లు తీసేయండి. జమైకా, బార్బడోస్‌లలో సైనికులు కానివాళ్లు ఆ బట్టలు వేసుకోవడం నేరం, పిల్లలైనా సరే. పగడాలకు హాని చేసే ఆక్సీబెంజోన్ ఉన్న సన్‌స్క్రీన్‌ను సెయింట్ థామస్ ఉన్న యూఎస్ వర్జిన్ దీవులు 2020 నుంచి నిషేధించాయి. జింక్ ఆక్సైడ్ రకం కొనుక్కోండి.

ఒక్కోసారి ఎంత లెక్కేసినా ఏమీ మిగలదు. బెలీజ్ సిటీ దగ్గర సముద్రం లోతు తక్కువ కాబట్టి పెద్ద ఓడలు తీరానికి చాలా దూరంలోనే ఆగిపోతాయి. బోటు ప్రయాణానికే బోలెడు సమయం పోతుంది. చంటిపిల్లలుంటే అక్కడ దిగకండి. డబ్బు పోసి వచ్చి ఓడలో కూర్చోవడమేమిటని పెద్దలు గొణుగుతారు, గొణగనివ్వండి. మిగతా జనమంతా ఒడ్డుకు పోయాక ఖాళీ అయిన ఈత కొలను, క్యూ లేని జారుడుబల్ల ఆ పూటకు మీ పిల్లలవే.