సంజీవనీ వివేకవర్ధనుల వాదము

ఒక పత్రికలోని వ్యాసమును జదివి, తమ మనస్సున దోచిన యభిప్రాయమును వేఱొక పత్రికలో బ్రకటించుట నేడు సర్వసామాన్యము. ఆంధ్రదేశమున నీ యాచారమునకు బలము చేకూర్చినవి 1871 లో చెన్నపురియందు వెలువడిన ఆంధ్రభాషాసంజీవనియు, 1874 లో రాజమహేంద్రవరమునుండి బయలుదేఱిన వివేకవర్ధనియు. మొదటిదానికి కొక్కొండ వేంకటరత్నము పంతులుగారును, రెండవదానికి కందుకూరి వీరేశలింగము పంతులుగారును సంపాదకులు. వాఙ్మయచరిత్రకారులు పలువు రీ యిరువుర కలహమును వినోదకథగా జెప్పి విడిచిరి. అది యంతటితో విడువదగినది కాదు.

ఆరంభమున వీరి శైలులకు దూరము తక్కువ. చిన్నయసూరి మిత్రలాభ మిత్రభేదములతో నిలిపిన నీతిచంద్రికకు కొనసాగింపుగా నిరువురును విగ్రహమును రచించిరి. (విగ్రహ మనగా యుద్ధమే గదా!) కావున మొదటి వైరము భాషనుగూర్చినది కాదు, స్త్రీవిద్యనుగూర్చినది. వీరేశలింగముగారు 1874 లోనే ధవళేశ్వరమున బాలికాపాఠశాలను స్థాపించిరి. వేంకటరత్నముగారు స్త్రీవిద్యను నిరసించిరి. ఒకరి వ్యాసమున కింకొకరి ఖండనము, దానికి మరల బ్రతిఖండనము వెలువడుచు వచ్చెను.

శాస్త్రగ్రంథములయందును పూర్వపక్షము గలదు. కాని యచ్చట పూర్వపక్షమును గూడ సిద్ధాంతియే వ్రాయును. తన కనుకూలమగునంత బలమునే దాని కిచ్చును. పత్రికావాదమున నట్లు గాదు. ప్రతిపక్షి సజీవుడై యుండి, తన మాట వక్రింపబడినచో మఱుసటి సంచికలోనే యడుగును. మఱియొక భేదము గలదు. పండితసభయందు నిర్ణేతలు శాస్త్రజ్ఞులు. పత్రికయందు నిర్ణేత చందాదారుడు. అతడు వ్యాకరణము జదివినవాడు కాకపోవచ్చును. అతని మనస్సు గెలువవలెనన్న నతనికి దెలియునట్లు వ్రాయక తప్పదు. నీతిచంద్రికా ఫక్కిని వ్రాసిన వీరేశలింగముగారు సులభశైలికి దిగుటకు గల హేతువులలో నిది ముఖ్యమైనది. న్యాయస్థానములలోని లంచములను, ఉద్యోగుల యక్రమములను, ఇంటింటి మూఢాచారములను వివేకవర్ధని విమర్శించినది. అట్టి విషయములను దీర్ఘసమాసములతో జెప్పిన నెవ్వరు విందురు? వేంకటరత్నముగారో, సంభాషణమునందు సైతము గ్రాంథికమును విడువనివారని ప్రతీతి. వారి వాదబలము తక్కువ యని చెప్పుట కంటె, ఆ వాదము చేరవలసినవారికి జేరలేదనుట యుక్తము.

హాస్యమున గూడ వారు పోటీపడిరి. కొక్కొండవారి హాస్యపత్రిక పేరు హాస్యవర్ధని, కందుకూరివారిది హాస్యసంజీవని. ఎవరి పరిహాసపత్రిక కెదుటివారి పత్రిక పేరే! ఈ చమత్కారము మెచ్చదగినదే గాని, పరిహాస మెల్లచోట్ల సమాధానము కాజాలదు. ప్రతిపక్షిని నవ్వులపాలు చేసినంతమాత్రమున నతని ప్రశ్న తీరదు. ఈ దోషము వీరేశలింగముగారియందును గలదు. వారి యభిమానులు దీనిని జూడనొల్లరు. అయినను నా హాస్యమే యొక మేలు చేసెను. బ్రాహ్మవివాహ మను ప్రహసనము 1876 లో హాస్యసంజీవనియందే వెలువడినది. అందు పాత్రలు నిత్యవ్యవహారమునందలి భాషనే మాటలాడును. గంభీరవ్యాసమునకు నిషిద్ధమైన నుడి హాస్యపుటలోనికి గడప దాటి వచ్చినది.

ఇక నొక కొఱత. వీరేశలింగముగారి వ్యాసములు సంపుటములుగా నచ్చుపడి నిలిచినవి. అవి యే వ్యాసముల కుత్తరములో యా వ్యాసములు వాని ప్రక్కన లేవు. విద్యార్థి యుత్తరమునే చదువును, ప్రశ్న యెఱుగడు. పాఠము చెప్పు పండితుడును నా యుత్తరమును స్వతంత్రోపన్యాసముగా బోధించును. అందుచే వేంకటరత్నముగారు పాఠశాలలో మూర్ఖపక్షముగా మిగిలిరి. నరకాసురవిజయ వ్యాయోగమును దెనిగించినవారు, మహామహోపాధ్యాయ బిరుదాంకితులు నగు వారి కీ గతి తగదు. సంజీవని సంచికలను వెదకి, రెండు పత్రికల వ్యాసములను దేదీక్రమమున నెదురెదురుగా ముద్రించినగాని యెవరి మాట యెవరిని గదల్చెనో తేలదు. సంపాదకు లెవరైనను నిందుకు బూనినచో, కేవలము స్త్రీవిద్యావాదముతో నిలువక, భాషావాదమును గూడ జేర్చవలెను. ఏలయన 1919 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరమున వర్తమాన వ్యావహారికాంధ్ర భాషాప్రవర్తక సమాజ మేర్పడినపు డధ్యక్షపీఠ మధిష్ఠించినవారు, ఒకప్పుడు విగ్రహమును గ్రాంథికమున వ్రాసిన యీ వీరేశలింగముగారే.