నిట్టూర్పుకు మార్కులు, లెక్కకు సున్నా

2000 అక్టోబర్ 3 రాత్రి నాష్‌విల్ శివారులో ఒక మిత్రుడి ఇంట్లో నాలుగు తెలుగు కుటుంబాలం టీవీ ముందు చేరాం. బోస్టన్‌లో అల్ గోర్‌కీ జార్జ్ బుష్‌కీ తొలి డిబేట్. సిటిజన్‌షిప్ వచ్చాక నాకు అదే మొదటి అధ్యక్ష ఎన్నిక. బుష్ నోరు తెరిచినప్పుడల్లా మైకులోంచి గోర్ నిట్టూర్పు వినపడుతోంది. పైగా మేకప్ దట్టంగా వేశారేమో, మొహం ఇటుక రంగులో ఉంది. విజిటింగ్ వీసా మీద వచ్చిన మా మిత్రుడి అత్తగారికి ఇంగ్లీషు రాదు. కాసేపు చూసి, "ఆ ఎర్రమొహం ఆయనకి కడుపునొప్పా నాయనా?" అని అడిగారు. పగలబడి నవ్వాం. భాష రాని ఆవిడ నిట్టూర్పుని పట్టుకున్నారంటే అర్థముంది. భాష వచ్చిన మేమూ, మర్నాడు టీవీల్లో కూర్చున్న పండితులూ దాన్నే పట్టుకు వేలాడాం.

గోర్‌ని వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. ఉన్నదానికి నాలుగు కలిపి చెప్పే జబ్బు ఆయనకుంది. టెక్సాస్ కార్చిచ్చులప్పుడు విపత్తు సంస్థ అధిపతితో కలిసి అక్కడికి వెళ్లానని అదే డిబేట్‌లో అన్నాడు. ఆ ప్రయాణంలో ఆ అధిపతి ఆయన వెంట లేడు. దానివల్ల ఒరిగిందేమీ లేదు, ఉన్న పరువు పోయింది. ఇంటర్నెట్ సృష్టికి చొరవ తీసుకున్నానని 1999లో అన్న మాట, కనిపెట్టానన్నట్టుగా మారి వీధిన పడింది. కంప్యూటర్ నెట్‌వర్కులకు నిధులిచ్చిన 1991 చట్టాన్ని సెనేట్‌లో ముందుండి నడిపింది ఆయనే. ఆ నెట్ మీద ఉద్యోగాలు చేసుకుంటున్న మావాళ్లే లంచ్ టేబుల్ దగ్గర ఆయన మీద జోకులు వేసుకునేవాళ్లు. నేనూ వేశాను.

ఇక బుష్. పల్లెటూరి మోతుబరిలా చేతులు ఊపుతూ, పదాలు తడబడుతూ, వాషింగ్టన్ అంటే గిట్టని మనిషిలా కనిపించాడు. తాత సెనేటర్, తండ్రి అధ్యక్షుడు, చదువు యేల్, హార్వర్డ్. గోర్‌దీ అదే బాపతు. తండ్రి సెనేటర్, పెరిగింది సగం వాషింగ్టన్ హోటల్లో, సగం టెనసీలోని కార్తేజ్ పొలంలో. ఇద్దరూ పెద్దింటి బిడ్డలే. ఒకడు ఆ సంగతి దాచుకోగలిగాడు, రెండోవాడికి చేతకాలేదు.

నన్ను ఇప్పటికీ కెలికేది లెక్క. ఆ ఆర్థిక సంవత్సరం ఫెడరల్ బడ్జెట్‌లో 236 బిలియన్ డాలర్లు మిగిలాయి. వరుసగా మూడో ఏడు మిగులు. బుష్ పదేళ్లలో 1.3 ట్రిలియన్ల పన్ను కోత ఇస్తానన్నాడు. దానికి తోడు సోషల్ సెక్యూరిటీకి కట్టే డబ్బులో కొంత, కుర్రవాళ్లు సొంత ఖాతాల్లో పెట్టుబడి పెట్టుకోవచ్చన్నాడు. ముసలివాళ్ల పింఛన్లలో పైసా తగ్గదనీ అన్నాడు. ఇవాళ కుర్రవాడు కట్టేదే ఇవాళ ముసలివాడి చేతికి వెళ్తుంది. ఒకే ట్రిలియన్ డాలర్లను ఇద్దరికీ ఎలా వాగ్దానం చేస్తావని గోర్ అడిగాడు. ఒకే పొలాన్ని ఇద్దరికి రిజిస్ట్రేషన్ చేస్తే మన ఊళ్లో ఏమంటారో అందరికీ తెలుసు. బుష్ మాత్రం గోర్ చెప్పే అంకెలన్నిటినీ మసక లెక్కలని కొట్టిపారేసి నవ్వాడు. హాల్లో కాదుగానీ, మా డ్రాయింగ్‌రూమ్‌లో చప్పట్లు పడ్డాయి.

అయితే అక్టోబర్ 11న, రెండో డిబేట్‌లో, బుష్ నన్ను ఆలోచనలో పడేశాడు. అమెరికా వినయంగా ఉండాలన్నాడు, పరాయి దేశాల్ని నిర్మించే పని మనది కాదన్నాడు. రహస్య సాక్ష్యాలతో అరబ్ అమెరికన్లను వేధించడం తప్పన్నాడు. ఆ రాత్రి ఆయన్ని నమ్మినవాళ్లను నేను తప్పుపట్టను. గోర్ నిట్టూర్పుల గొడవకు బెదిరి, తలూపుతూ కూర్చున్నాడు. మూడేళ్లు తిరగకుండా అదే బుష్ పంపిన అమెరికా సైన్యం ఇరాక్‌లో దిగింది.

మూడో డిబేట్ జరిగిన అక్టోబర్ 17నే అప్పటి అధ్యక్షుడు క్లింటన్ హెచ్1బీ వీసాలను ఏడాదికి 1,95,000కు పెంచే బిల్లు మీద సంతకం పెట్టాడు. మనవాళ్లలో చాలామందికి ఆ పూట అసలు వార్త అదే. గోర్ మాత్రం ఆ క్లింటన్‌ని ప్రచారం గడప అవతలే నిలబెట్టాడు. ఎనిమిదేళ్లు ఉపాధ్యక్షుడిగా కాపురమున్న ఇంటి పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాడు. 1992లో పర్యావరణం మీద పుస్తకం రాసిన మనిషి, ఆ ఊసూ గట్టిగా ఎత్తలేదు. నిట్టూర్పు కంటే పెద్ద తప్పులు ఇవీ.

ఇద్దరికీ తేడా లేదంటూ తానూ పోటీకి దిగిన రాల్ఫ్ నేడర్ సంగతి చెప్పడానికి ఒక్క వాక్యం చాలు: ఒకే ట్రిలియన్‌ని రెండుసార్లు పంచినవాడికీ, అడ్డుపడినవాడికీ తేడా ఉంది.

నా ఓటు గోర్‌కే వేశాను, విసుక్కుంటూనే. నవంబర్ 7 రాత్రి నాష్‌విల్ వార్ మెమోరియల్ దగ్గర వానలో తడుస్తూ జనం నిలబడ్డారు. ఓటమి ఒప్పుకోవడానికి కారులో బయల్దేరిన గోర్ అక్కడిదాకా వచ్చి వెనక్కి తిరిగిపోయాడు. తర్వాత నెల రోజులకు పైగా దేశమంతా ఫ్లోరిడా రీకౌంట్‌లో బ్యాలెట్ చిల్లులే చూసింది. అక్కడ గోర్ ఓడిన తేడా 537 ఓట్లు. మా టెనసీలో, ఆయన సొంత రాష్ట్రంలో, దాదాపు 80,000. ఇక్కడి 11 ఎలక్టోరల్ ఓట్లు పడి ఉంటే గోర్ 266 కాస్తా 277 అయ్యేది, ఫ్లోరిడాతో పనే ఉండేది కాదు.