తేడా లేదని తేల్చడమెలా?

చెన్నై తొండియార్‌పేటలో కార్పొరేషన్‌వారి అంటువ్యాధుల ఆసుపత్రి ఉంది. రోగిని ఇంటివాళ్లకు దూరంగా ఉంచాలన్న పాత పద్ధతి అలాంటి చోట్లే కళ్లకు కడుతుంది. ఒకే గదిలో సంసారమంతా సర్దుకునే ఉత్తర చెన్నైలో అది సబబే అనిపిస్తుంది. క్షయ విషయంలో మాత్రం ఇదే నగరం ఆ నమ్మకాన్ని తలకిందులు చేసింది.

1956లో చెట్‌పేట్‌లో వెలసిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం, వాలెస్ ఫాక్స్ నాయకత్వంలో, 193 మంది రోగులను చీట్లు తీసినట్టు రెండు జట్లు చేసింది. ఒక జట్టు శానిటోరియంలో, మరో జట్టు ఇంట్లో. మందులు ఒకటే, ఐసోనియాజిడ్, పాస్. ఏడాది తిరిగేసరికి ఇంట్లో ఉన్నవారిలో 86 శాతానికి, శానిటోరియంలో 92 శాతానికి జబ్బు నెమ్మదించింది. ఫలితాలు 1959లో వెలువడ్డాయి.

ఈ ఆరు శాతం నిజమైన తేడానా, కాకతాళీయమా? మామూలు పద్ధతిలో పీ-విలువ లెక్కేస్తారు. అసలు తేడాయే లేదనుకుంటే, ఇంతటి లేదా ఇంతకు మించిన తేడా యాదృచ్ఛికంగా ఎంత తరచుగా రావచ్చో అది చెబుతుంది. ఇక్కడ అది 0.05 గీతకు చాలా పైనే ఉంటుంది. అంటే తేడా ఉందనడానికి ఆధారం చాలలేదు. అంతమాత్రాన తేడా లేదని రుజువైనట్టు కాదు. ఇంటి వైద్యాన్ని దేశమంతటికీ సిఫారసు చేయాలంటే కావలసింది ఈ రెండోదే.

ఆ లోటు పూడ్చడానికి కేంబ్రిడ్జి భూభౌతిక శాస్త్రవేత్త హెరాల్డ్ జెఫ్రీస్ 1935లో ఒక దారి చూపి, 1939 నాటి గ్రంథంలో విస్తరించాడు. నేడు దాన్ని బేయెస్ ఫ్యాక్టర్ అంటున్నాం. కళ్లెదుట ఉన్న అంకెలు 'తేడా లేదు' అన్న ఊహ కింద ఎంత సంభావ్యమో, 'ఉంది' అన్న ఊహ కింద ఎంత సంభావ్యమో కట్టి, ఒకదాన్ని రెండోదానితో భాగించడమే. త్రాసుకు రెండు తట్టలూ ఉన్నట్టు, ఇది ఎటైనా మొగ్గగలదు. జెఫ్రీస్ కొలతలో ఇంచుమించు 3 లోపైతే చెప్పుకోదగ్గది కాదు. 10 దాటితే బలమైన ఆధారం, 100 దాటితే తిరుగులేనిది.

లెక్క చేసి చూద్దాం. సులువుకోసం జట్టుకు 80 మంది అనుకుందాం. ఇంట్లో 69 మందికి, శానిటోరియంలో 74 మందికి నయమైంది. తేడా ఉంటే ఒక్కో జట్టులో నయమయ్యే శాతం సున్నా నుంచి వంద దాకా ఏదైనా కావచ్చని వదిలేస్తే, ఫ్యాక్టర్ 'తేడా లేదు' వైపు సుమారు 3.7 వస్తుంది. తేడా ఉందని ఒకటికి నాలుగు చొప్పున పందెం కాసే వైద్యుడు కూడా ఈ అంకెలు చూశాక ఇంచుమించు సరిసమానానికి దిగాలి.

అయితే అసలు కిటుకు ముందస్తు ఊహలో ఉంది. ఒకే మందులు వాడినప్పుడు తేడా సున్నా నుంచి వంద దాకా ఉండడమేమిటి? ఉంటే గింటే పది శాతం అటూ ఇటూ ఉంటుందని ఊహను బిగిస్తే, ఫ్యాక్టర్ 1 దగ్గరికి జారిపోతుంది. అంటే ఈ అంకెలు ఏ పక్షమూ తీసుకోలేదు. ఊహ ఎంత వదులైతే 'తేడా లేదు' అన్న మాట అంత తేలికగా గెలుస్తుంది.

ఇది పద్ధతిలోని లోపమని కొందరంటారు. నిజానికి దాని విలువే అక్కడుంది. పీ-విలువ 'తెలియలేదు', 'లేదని తెలిసింది' అన్న రెండింటినీ కలిపేస్తుంది. బేయెస్ ఫ్యాక్టర్ వాటిని విడదీసి, ఏ ఊహ మీద తీర్పు ఆధారపడిందో బయటపెట్టమంటుంది. అందుకే దాన్ని వాడేవారు ఒక్క అంకెతో సరిపెట్టకూడదు. రెండు మూడు ఊహలతో లెక్కకట్టి, అన్నీ చూపాలి.

మద్రాసు వైద్యులూ ఒక్క ఏడాది అంకెలతో ఆగలేదు. రోగులను ఐదేళ్లు గమనించారు, వారి ఇంటివాళ్లకు జబ్బు ఎక్కువగా సోకుతోందేమోనని చూశారు. ఎక్కువగా సోకలేదు. 1962లో మొదలైన జాతీయ క్షయ కార్యక్రమం ఇంటి వైద్యాన్నే ఆధారం చేసుకుంది. ఊహను బిగించినా నిలిచే తీర్పు కావాలంటే ఆధారాన్ని పెంచాలి తప్ప, ఊహను సడలించి నెగ్గకూడదు.