ఒంటిపూట బడికి ముందు గిలాసెడు అంబలి

మార్చి నడిమికి ఒంటిపూట బడులు మొదలవుతాయి. ఎనిమిదింటికే గంట కొడతారు కాబట్టి చాలామంది పిల్లలు చాయ్‌లో రెండు బిస్కెట్లు ముంచుకుని తిని ఉరుకుతారు. మళ్లీ అన్నం ముద్ద నోట్లో పడేది పన్నెండున్నరకి. పదింటికే ఎండ చురుక్కుమనే రోజులివి. జహీరాబాద్‌లో ఉండి ఈ మాట రాయాల్సి రావడం నాకు బాధగా ఉంది. మన నల్లరేగళ్లలో యాసంగి జొన్న ఇంటికొచ్చేదీ ఈ రోజుల్లోనే కదా!

పస్తాపూర్‌లో 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు, ఎక్కువమంది దళిత రైతులే, పడావు పడ్డ భూముల్లో జొన్న, కొర్ర, సామ మళ్లీ పండించారు. ఏటా సంక్రాంతికి పాత పంటల జాతర పేరుతో ఆ విత్తనాలను ఎడ్లబండ్ల మీద ఊరూరా తిప్పుతారు. 2019లో ఆ సొసైటీకి ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. అంత పేరు తెచ్చిన తిండి మన పిల్లల గిలాసలోకి మాత్రం రావడం లేదు.

జొన్న అంబలి చేయడం కష్టమేమీ కాదు. రాత్రి జొన్నపిండి నీళ్లలో కలిపి మూతపెడితే తెల్లారేసరికి కొద్దిగా పులుస్తుంది. దాన్ని మరిగే నీళ్లలో పోస్తూ ఉండ కట్టకుండా కలపాలి, చెయ్యి ఆపొద్దు. పచ్చివాసన పోయేదాకా ఉడికించి, చల్లారాక మజ్జిగ, ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ వేయాలి. మా ఇంట్లో పిల్లలు ఉల్లిగడ్డ కోసమే రెండోసారి అడుగుతారు. ఆరు నెలలు నిండని పసివాళ్లకు మాత్రం అంబలీ వద్దు, నీళ్లూ వద్దు. ఎంత ఎండలోనైనా వాళ్లకు తల్లిపాలే చాలు.

తట్టు, ఆటలమ్మ తిరిగే కాలం కూడా ఇదే. గుమ్మానికి వేపమండ కట్టి, బిడ్డను వేరే పడుకోబెట్టి, ఎవరినీ లోపలికి రానివ్వని పెద్దల పద్ధతి అంటే నాకు గౌరవం. అంటు ఆగేది అట్లాగే. కానీ అమ్మవారు పోసిందని తిండి తగ్గించడాన్ని, డాక్టరుకు చూపించకపోవడాన్ని నేను ఒప్పుకోను. తట్టు ఒంట్లోని విటమిన్ ఎ నిల్వలను హరిస్తుంది, కళ్లు కూడా పోవచ్చు. తట్టు రాకుండా 9 నెలలు నిండగానే ఒక టీకా, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది సర్కారు దవాఖానాలో ఉచితంగా వేస్తారు. మొదటి దానితోపాటే విటమిన్ ఎ మందు కూడా తాగిస్తారు.

మొదటిది వేయించి రెండోది మరిచిపోయే ఇళ్లు చాలా ఉన్నాయి. ఇవాళే మీ బిడ్డ టీకా కార్డు తీసి చూడండి. 16 నెలలు నిండినా రెండో టీకా గడి ఖాళీగా ఉంటే ఆశా అక్కకు చెప్పి ఈ వారమే వేయించండి.